నాలుగో అంతస్తు కిటికీలో మనిషి

మెల్లిగా, మేడం, మెల్లిగా! ఆ బూట్లేమిటండీ, గుర్రానికి నాడాలు కొట్టినట్టు! యుద్ధం అయ్యాక శిథిలాల్లో ఏరుకున్న ఇటుకలతో హడావిడిగా లేపిన ఇల్లు ఇది. కింద మెట్టు మీద తుమ్మితే పైన పెంకు కదుల్తుంది. రెండు వీధుల అవతల గోతిలో ఐదువందల కిలోల బాంబు ఎనభై ఏళ్ళుగా నిద్రపోతోంది. దాన్ని మనమే లేపాలా ఏమిటి?

భయమా? నాకా?

భలేవారే! రైన్ నదికి ఈ ఒడ్డున, రింగురోడ్లకి లోపల, ఈ కొలోన్ నడిబొడ్డు పేటలన్నీ గాలించినా మాటెస్ ఎస్సర్ అంత గుండెగలవాడు మీకు దొరకడు. కావాలంటే ఎవర్నైనా అడగండి.

సరే, ఇవాళ అడగడానికి ఎవరూ లేరనుకోండి. పొద్దున తొమ్మిదికల్లా అందర్నీ మీ అధికారులే ఖాళీ చేయించి, దూరంగా ఆ హాల్లో కూర్చోబెట్టారుగా.

ఒక్క క్షణం. ఈ కమ్మీ పట్టుకోనివ్వండి. మెట్లు అరిగిపోయి జారుతున్నాయి, అంతే.

అబ్బే, వణుకు కాదండీ. తేనెటీగ వేషం కదా, నెత్తిమీద మీసాలకి స్ప్రింగులున్నాయి. మీరేమో దానిమీదే హెల్మెట్ పెట్టి బిగించారు. లోపల అవి ఊగుతుంటే చూసేవాళ్ళకి తల వణికినట్టుంటుంది. కార్నివాల్ మంగళవారంనాడు మామూలు బట్టలు ఎవరు కట్టుకుంటారు చెప్పండి? నాకేం తెలుసు, ఈ చారల బొచ్చు కోటుతో బాంబు పక్కకి రావాల్సొస్తుందని!

ఎవరున్నారు పైన అంటారా? కారులో మూడుసార్లు అడిగారు, ఇది నాలుగోసారి. ఎవరూ లేరు మేడం. ఉండేది నేనొక్కణ్ణే. నేనేమో ఇక్కడ మీ వెనకాలే ఉన్నాను. ఇంకెవరుంటారు?

అవునవును, డ్రోన్ చూసింది. కాదనను. నాలుగో అంతస్తు కిటికీ, లోపల దీపం, కుర్చీలో గోధుమరంగు కోటు వేసుకున్న మనిషి. మైకు పెట్టి అరిచినా కదల్లేదు. ఉలకడు, పలకడు. బాంబు విప్పేవాళ్ళు పనిముట్లు కింద పెట్టేసి కూర్చున్నారు. నిన్న సాయంత్రం నీళ్ళ గొట్టం పగిలి వీధి తవ్వుతుంటే తవ్వే యంత్రం పన్ను సరిగ్గా ఈ బాంబు మూతికే గీసుకుందట. ఇక రేపు, ఎల్లుండి అనడానికి లేదు. కానీ ఒక్క మనిషి లోపలున్నా చెయ్యి పెట్టకూడదని రూలు. పన్నెండువేల మంది చలిలో. ఆస్పత్రి మంచాలు అంబులెన్సుల్లో. నాకంతా తెలుసండీ. హాల్లో మీరు చదువుతుంటే విన్నాను. ఒక్కొక్క మాటా విన్నాను.

ఇది మొదటి అంతస్తు. మా హిల్లా అత్త ఇల్లు. అత్త అంటే చుట్టరికం కాదు, కింద పబ్బు ఆవిడదే. పేటంతా అలాగే పిలుస్తుంది. నేను ఆవిడ దగ్గర బీరు మోస్తాను. నీలం ఏప్రన్, చేతిలో పదకొండు గ్లాసుల పళ్ళెం, నోట్లో పదకొండు రకాల వెటకారం. ఎవరైనా మంచినీళ్ళడిగితే "సబ్బూ తువ్వాలూ కూడా తెమ్మంటారా, స్నానం చేస్తారా?" అంటాను. అది మా వృత్తిధర్మం.

మీది డ్యూసెల్‌డార్ఫ్ కదూ? ఎలా కనిపెట్టానా! హాల్లో అత్త మీకొక బీరు సీసా ఇవ్వబోతే డ్యూటీలో ఉన్నానన్నారు. న్యాయమే. కానీ ఆ మూతి విరుపుంది చూశారూ, అది డ్యూటీ ముఖం కాదు. నదికి కిందివైపు, మా బీరంటే పడని ఊరివాళ్ళ ముఖం. ఫరవాలేదులెండి, మేము ఎవర్నైనా క్షమిస్తాం. కొంచెం టైం పడుతుందంతే.

నోరు మూసుకు నడవమంటారా? కుదరదు మేడం. మా దగ్గర పద్ధతేమిటి? తాగేవాళ్ళు ఇక చాలని గ్లాసు మీద అట్టబిళ్ళ బోర్లించేదాకా పోస్తూనే ఉంటాం. ఖాళీ అయిందా, ఇంకోటి. ఖాళీ అయిందా, ఇంకోటి. నా నోరూ అంతే. ఆపాలంటే మీరే ఒక అట్టబిళ్ళ తెచ్చి దీనిమీద పెట్టాలి. ఇంకో సంగతి. నేను మాట్లాడ్డం ఆపితే ఈ నిశ్శబ్దం వినబడుతుంది.

మీకు వినబడటం లేదూ?

పుట్టి బుద్ధెరిగాక ఈ పేటలో ఇలాంటి చప్పుడు వినలేదు. ట్రాములు లేవు, పడవ కూతలు లేవు, చర్చి గంటలు కూడా ఆపేశారు. కార్నివాల్ మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఈ సందులో ఒక్క డోలు లేదు! నేలమీద నిన్నటి కాగితప్పూలు, ఎవరూ ఏరుకోని చాక్లెట్లు. చచ్చిపోయినవాళ్ళింట్లో పండగ తోరణాల్లా ఉన్నాయి. పావురాలు కూడా లేవు చూశారా? వాటికెవరు చెప్పారంటారు?

ధడ్!

అమ్మో!

అమ్మో, అమ్మో, అయిపోయింది... మేడం, ఉన్నారా? నేనున్నానా?

కిటికీ రెక్కా? గాలికా? నిజంగా?

కూర్చోనివ్వండి. ఒక్క నిమిషం ఈ మెట్టుమీద. నవ్వకండి. పై ప్రాణాలు పైనే పోయాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. మంచినీళ్ళున్నాయా మీ దగ్గర? సబ్బొద్దు, తువ్వాలొద్దు, ఒట్టి మంచినీళ్ళే.

మా అమ్మమ్మ పేరు కేటె. ఈ వీధిలోనే పుట్టింది, ఇప్పటికీ వీధి చివరింట్లోనే ఉంటుంది. నాలుగేళ్ళ పిల్లప్పుడు కింద నేలమాళిగలో కూర్చునేవాళ్ళట. ఒక ఇంటి నేలమాళిగ నుంచి పక్కింటి నేలమాళిగకి గోడకి కన్నం. ఇల్లు కూలితే పక్కింటివాళ్ళ వైపు పాకడానికి. పైన విమానాలు. పిల్లలందరికీ ఒక ఆట నేర్పారట. పడే బాంబు ఈల వినబడితే అది మనది కాదు, ఇంకెవరిదో. ఈల వినబడకపోతేనే మనది. ఇవాళ పొద్దున మీవాళ్ళు తలుపు కొడితే, ఎనభై అయిదేళ్ళ మనిషి, నాలుగు నిమిషాల్లో సంచీ సర్దేసింది. కాగితాలు, కళ్ళజోడు, ఒక చెంచా, చక్కెర పొట్లం. చెంచా ఎందుకే అమ్మమ్మా అంటే, "చక్కెర వేళ్ళతో తింటార్రా, వెధవా?" అంది.

ఆవిడ మనవణ్ణండీ నేను. ఆ రక్తమే. నీళ్ళు కలిసినట్టున్నాయి, అంతే.

లేస్తున్నాను. లేస్తున్నాను. అయినా అంత తొందరేమిటండీ? ఆ మనిషి ఎక్కడికీ పోడు.

అహ, ఊరికే అన్నాను. పోతే డ్రోన్ చూసి చెప్పేది కదా అని. గుండె ఆగిపోయిందేమో అంటారా? ముసలాయనేమోనా? మీరలా అనకండి మేడం. మీరు ఆయాసపడుతూ రెండేసి మెట్లెక్కుతుంటే నేను చూడలేకపోతున్నాను. ఆయన గుండె సంగతి... ఏం చెప్పను... దానికొచ్చిన భయం లేదు.

ఇది రెండో అంతస్తు. సామాను గది. నిచ్చెనలు, కార్నివాల్ జెండాలు, గడ్డి.

గడ్డి ఎందుకంటే నుబ్బెల్‌కి. మీకు తెలీదా? మీ ఊళ్ళో ఇంకో బొమ్మని ఏడుస్తూ పాతిపెడతారట కదా, మాది కాస్త వేడి వ్యవహారం. పండగ మొదలైన రోజు ఒక గడ్డిమనిషిని కట్టి, పాతబట్టలు తొడిగి, పబ్బు గుమ్మం పైన ఎత్తుగా కూర్చోబెడతాం. పండగన్నాళ్ళూ మేం చేసిన వెధవపనులన్నీ అక్కడినుంచి చూస్తుంటాడు. ఇవాళ రాత్రి పండగ ఆఖరు. కిందికి దించి, అందరిముందూ విచారణ చేసి, తగలబెడతాం. విచారణ చేసేది నేనే. పాదిరీ వేషంలో రెండేళ్ళుగా నేనే. "మన జట్టు ఓడింది ఎవరివల్ల?" అంటాను. "నుబ్బెల్!" అని జనం. "బేకరీ మార్టిన్ పక్కింటావిడని ముద్దుపెట్టుకున్నది ఎవరి తప్పు?" "నుబ్బెల్!" "హిల్లా అత్త నిలువుటద్దం పగిలింది ఎవరివల్ల?" "నుబ్బెల్!"

అద్దం నేనే పగలగొట్టాను. అది వేరే సంగతి.

చూడండి, ఎంత సుఖమో. ఏడాది పొడుగునా మనం చేస్తాం, ఒక్క రాత్రి వాడు కాలతాడు. మర్నాడు బూడిద బుధవారం, ఉపవాసాల మొదటిరోజు పొద్దున అందరం చేపముక్క తిని, పసిపిల్లల్లా కొత్తగా మొదలెడతాం. ఇవాళ గనక ఈ బాంబు తెమలకపోతే, నుబ్బెల్ కాలకపోతే, ఏడాది పాపాలన్నీ మా నెత్తినే ఉండిపోతాయి. నా వాటా కాస్త ఎక్కువే.

గుమ్మం మీద లేడా? ఆఁ... అవును. ఇందాక లోపలికొచ్చేటప్పుడు చూశారా? మీ కళ్ళు భలే చురుకండీ. తీసి లోపల పెట్టాం. వానొస్తుందేమోనని.

అవును, వాన లేదు. వస్తుందేమోనని అన్నాను కదా.

మూడో అంతస్తు. ఇక్కడ వయొలిన్ నేర్పే ఆవిడుంటుంది. ఆవిడ శిష్యులు వాయించేదానికంటే బాంబే నయమని మొన్నే అన్నాను. నా నోట్లో మన్నుపడ. దేవుడు ఎప్పుడు ఏ మాట వింటాడో తెలీదు.

వాకీటాకీ మోగుతోంది. మోగుతోంది మేడం, ఎత్తండి!

ఏమంటున్నారు? ఇంకెంతసేపని అడుగుతున్నారా? గోతిలో ఏదో... ఏదో చెమర్చిందా? అంటే ఏమిటి? తడా? ఎలాంటి తడి? మీరు నాకు చెప్పడం లేదు. మీ ముఖం పాలిపోయింది. ఇందాకటిదాకా మీరే ధైర్యం, నేనే భయం అనుకున్నాను. ఇద్దరం భయపడితే ఎలాగండీ? ఎవరో ఒకరు ధైర్యంగా ఉండాలి కదా ఈ మెట్లమీద!

మా ఊళ్ళో ఒక మాటుంది. ఇప్పటిదాకా అన్నీ బాగానే జరిగాయి, ఇదీ జరుగుతుంది అని. పిల్లలకి ఉగ్గుతో పెడతాం. ఇన్నాళ్ళూ నేనూ అందరికీ బీరుతోపాటు పోశాను ఆ మాట. ఇప్పుడు లోపల్లోపల నూరుసార్లు అనుకుంటున్నాను, ఒక్కసారీ గొంతు దిగటంలేదు.

ఆగండి.

ఇక్కడే ఆగండి, ఈ మలుపులో. ఇంకా పన్నెండు మెట్లున్నాయి. మీరు ఇకమీద పరిగెత్తొద్దు. నేనొక మాట చెప్పాలి. మీరు కోప్పడకూడదు. కోప్పడినా గట్టిగా అరవకూడదు. గోడలు పాతవి.

పైనున్నది మనిషి కాదు మేడం.

నుబ్బెల్.

...

తిట్టండి. తిట్టండి, డ్యూసెల్‌డార్ఫ్ భాషలోనే తిట్టండి, ఇవాళ అంతకంటే తీపి మాట నాకు లేదు.

ఎందుకు చెప్పలేదంటే, ఎలా చెప్పనండీ? హాల్లో మీరు మైకులో "గోధుమరంగు కోటు, టోపీ" అనగానే నాకు తెలిసిపోయింది. ఆ కోటు మా తాతది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తేనెటీగ మీసాలు తడుముకున్నాను. లేచి నిలబడదామనుకున్నాను. అప్పటికే చుట్టూ మూడొందలమంది ఆ కిటికీలోవాణ్ణి తిట్టిపోస్తున్నారు. "ఎవడా గాడిద!" అని ఒకడు. "వాణ్ణి కూర్చోబెట్టే పేల్చండి!" అని ఒకావిడ. మా హిల్లా అత్త అయితే, "దొరికితే చెవులు పిండి సూపు చేస్తా" అంది. నా చెవులు రెండూ హెయిర్‌బాండు కిందికి వెళ్ళిపోయాయి.

అమ్మమ్మ ఒక్కతే తిట్టలేదు. చక్కెర నాకుతూ నావైపు చూసి, నెమ్మదిగా, "మాటెస్, తాత కోటు ఎక్కడుందిరా?" అంది. అంతే. మళ్ళీ అడగలేదు.

అప్పుడే మీరు తాళం ఎవరి దగ్గరుందని అడిగారు. అత్త నన్ను వీపుమీద ఒక్క తోపు తోసింది. నేను ముందుకొచ్చి పడ్డాను. మీరేమో నేనే వస్తానన్నాననుకున్నారు! భుజం మీద చెయ్యేసి, "చూడండి, ఈ కుర్రాడి ధైర్యం" అన్నారు. హాలంతా చప్పట్లు. గాడిద అని తిట్టినవాడు కూడా చప్పట్లు కొట్టాడు.

మేడం, ఇరవైనాలుగేళ్ళు బతికాను. తిండిపోతు అన్నారు, వాగుడుకాయ అన్నారు. ధైర్యవంతుడని ఎవరూ అనలేదు. ఆ చప్పట్ల మధ్య, "అబ్బే, అది గడ్డిబొమ్మండీ" అని ఎలా అనను? కారెక్కాక చెబుదామనుకున్నాను. కారులో మీరు నాకు హెల్మెట్ బిగిస్తూ, మీకూ నా ఈడు కొడుకున్నాడని చెప్పారు. ఆ వీధి మలుపు తిరిగాక చెబుదాం, ఈ గుమ్మం దాటాక చెబుదాం అని ఒక్కో మెట్టూ వాయిదా వేస్తూ, మిమ్మల్ని బాంబు మూతి దగ్గరికి లాక్కొచ్చాను. ఆయాసంతో. గుండె పట్టుకుని. ఒక గడ్డిమోపుని బతికించడానికి.

అవును, చూడాల్సిందే. తెలుసు. కళ్ళతో చూడందే "ఖాళీ" అని చెప్పలేరు మీరు. పదండి.

ఈ తాళంచెవి కన్నంలో దూరడం లేదు. చెవి వణకడం లేదండీ, కన్నమే వణుకుతోంది. మీరు తిప్పండి.

అదిగో.

చూశారా. కుర్చీలో దర్జాగా ఎలా కూర్చున్నాడో. అంబులెన్సులో రోగులు, గోతిలో బాంబు విప్పేవాళ్ళు ముగ్గురూ, చలిలో పన్నెండువేల మంది, దొరగారు మాత్రం కాలుమీద కాలేసుకుని నది చూస్తున్నారు. ముట్టుకోండి. ఒట్టి గడ్డే. తల, సంచీ. చేతులు, అత్త పాత చేతితొడుగులు.

చెప్పండి, చెప్పండి వాళ్ళకి. "నాలుగో అంతస్తు ఖాళీ. మనుషులెవరూ లేరు." ఆఁ, వాళ్ళ నవ్వు నాక్కూడా వినబడింది. నవ్వనివ్వండి. చేతులు వణక్కుండా ఉంటాయి.

ఎంతసేపుంది మనకి? పది నిమిషాల్లో ఖాళీ చేయించిన హద్దు దాటాలా? దాటేద్దాం. దిగడం నాకు బాగా వచ్చు.

ఆ కాగితమేమిటి? రిపోర్టా? ఇప్పుడా? పేరు, కారణం, రెండు ముక్కలేనా. రాయండి. ఆలస్యానికి కారణం ఎవరు? నుబ్బెల్!

లేదు, ఆగండి. కొట్టేయండి అది. అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

రెండేళ్ళుగా వాడిమీదే వేస్తున్నాను. అద్దం వాడిమీద, ఆలస్యాలు వాడిమీద, ఒకమ్మాయికి ఫోన్ చెయ్యకపోవడం కూడా వాడిమీదే. ఈ ఒక్కటీ వాడిది కాదు. పాపం, వాడు పెట్టినచోట కూర్చున్నాడు. మాటెస్ ఎస్సర్ అని రాయండి. రెండు ఎస్సులు. వృత్తి, బీరు మోయడం. రాత్రి విచారణలో కూడా ఈ ఒక్కటీ నాపేరే చదువుకుంటాను, అత్త సూపు పెట్టినా సరే.

గుమ్మం మీదివాణ్ణి నాలుగంతస్తులు ఎందుకు మోసుకొచ్చావంటారా?

అది కూడా రాయాలా?

రాయరు కదా? ఒట్టు?

నిన్న గొట్టం పగిలాక నీళ్ళు లేక అత్త వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళిపోయింది. వయొలినావిడా పోయింది. మొత్తం ఇంట్లో నేనొక్కణ్ణే. కిటికీలోంచి చూస్తే ఆ గోతి మీద దీపాలు, చుట్టూ ఎర్ర పట్టీ. పడుకుంటే మంచం టిక్ టిక్ అంటోంది. గుండె అనుకోండి, కానీ నాకు మంచమే అనిపించింది. ఇక ఉండబట్టలేక కిందికెళ్ళి వీణ్ణి భుజాన వేసుకొచ్చాను. కుర్చీ కిటికీవైపు తిప్పి, కాస్త నువ్వు చూస్తుండరా, ఏమన్నా అయితే నన్ను లేపు అన్నాను. ఆ చేతితొడుగు పట్టుకుంటేగాని నిద్ర పట్టలేదు. నవ్వండి. నవ్వేశారుగా. హమ్మయ్య.

దీపం ఆర్పేస్తున్నారా?

డ్రోన్‌కి ఆ దీపం వల్లే కనబడ్డాడంటారు. నిజమే. పగటిపూట దీపమేమిటని అందరూ అడిగారు హాల్లో. మర్చిపోయి ఉంటారులే అని నేనే అందరికంటే గట్టిగా అన్నాను.

మర్చిపోలేదండీ. పొద్దున వెళ్ళేటప్పుడు నేనే వెలిగించి వెళ్ళాను. అందరం వెళ్ళిపోతున్నాం కదా, ఇంత ఇంట్లో వాడొక్కడే... భయపడతాడేమోనని.